మూడు ముద్దల పందెం

మూడు ముద్దలు దిగితే చాలు, మూడే మూడు, మధ్యలో నీళ్లు తాగకుండా. అవి దిగితే డాక్టరూ వద్దు, టోకెనూ వద్దు, నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండుకు ఆటో ఎక్కి, బుచ్చిరెడ్డిపాలెం బస్సు పట్టుకుని, దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండొచ్చు. ప్రమీలమ్మ ఈ పందెం తనతో తానే వేసుకుని, అరిటాకు మీద నీళ్లు చల్లి, ఆ నీళ్లను అరచేత్తో అంచుదాకా తోసింది. ఎవరికీ తెలియని పందెంలో ఓడిపోతే ఏమవుతుందని ఒక మనసు, ఓడిపోతే రోడ్డు దాటాలి కదా అని ఇంకో మనసు. రోడ్డుకు అవతలే ఆసుపత్రి. హోటలు అద్దాల్లోంచి దాని మూడో అంతస్తు కిటికీలు కనిపిస్తున్నాయి, ఒక కిటికీలో ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. మూడు గంటలకు అక్కడికి కడుపు జబ్బుల డాక్టరు వస్తాడు. ఆమెది రెండో నంబరు. ఆ టోకెను కాగితం కళ్లద్దాల డబ్బాలో మడిచి పెట్టుకుంది, ఎందుకంటే ఇంట్లో చెప్పి వచ్చింది కళ్లద్దాలు మార్పించుకోవడానికని. గోడ గడియారంలో రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. మూడింటిదాకా గంటా పది నిమిషాలు, ఒక్క మనిషి భోజనానికి అది చాలా ఎక్కువ సమయం, ఒకప్పుడైతే. ఇప్పుడు ఆ గంటా పదినిమిషాల్లో మూడు ముద్దలు అవుతాయో లేదో ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం పూట ఈ హోటల్లో కుర్చీ దొరకడమే గొప్ప. తినేవాళ్ల వెనకాల తినబోయేవాళ్లు నిలబడి ఉంటారు, ఎవరు మజ్జిగలోకి వచ్చారో ఎవరు ఇంకా సాంబారులో ఉన్నారో చూసుకుని, తొందరగా అయిపోయే మనిషి వెనక చేరతారు. ప్రమీలమ్మ కూడా అలాగే ఒక ముసలాయన వెనక పావుగంట నిలబడి ఈ కుర్చీ సంపాదించింది. నిలబడ్డంతసేపూ ఆయన గొంతునే చూసింది. ముద్ద నోట్లో పెట్టుకోవడం, రెండు నములుళ్లు, గొంతు మీది ఎముక పైకి లేచి కిందికి దిగడం, అంతే, మళ్లీ ఇంకో ముద్ద. ఎంత అలవోకగా మింగుతున్నాడు! డెబ్బై ఏళ్లుంటాయి, పళ్లు కూడా సగం లేవు. ఆ మనిషి మీద ఆమెకు అసూయ కలిగింది, ఆ వెంటనే దిష్టి పెట్టానేమోనని భయం కలిగింది. ఇప్పుడు తన వెనకాల ఎవరో నిలబడ్డారు. తిరిగి చూడలేదు కానీ చేతిలో బండి తాళాలు ఆడిస్తున్న చప్పుడు వినిపిస్తోంది, గలగల, ఆగి, మళ్లీ గలగల. తన మెడ వెనక ఆ మనిషి చూపు ఉందనుకుని కొంగు మెడ మీదికి లాక్కుంది.

"పప్పు వెయ్యమంటారామ్మా?" అన్నాడు వడ్డించే గిరిబాబు. పేరు అతని చొక్కా జేబు మీద కుట్టి ఉంది. నలభై ఏళ్ల మనిషి, ఎడం చేత్తో నాలుగు గిన్నెల క్యారియరు ఊపుకుంటూ బల్లల మధ్య పడవలా తిరుగుతున్నాడు.

"కొంచెం."

"కొంచెమంటే ఎట్టమ్మా, ఫుల్ మీల్స్‌కి టోకెను తీసుకొని? నెయ్యి ఎక్కువేస్తా, కానీయండి."

"మాకెయ్యి నాయనా ఆ నెయ్యి," అంది ఎదురుగా కూర్చున్నామె, తలమీది కొంగు సర్దుకుంటూ. "పొద్దున నాలుగింటి నుంచి ఆస్పత్రిలో కాళ్లు పీక్కపోయేటట్టు నిలబడి ఉండా. మనవరాలు పుట్టినాది. ఇప్పుడు నాకేస్తా ఉండే ఆకలి ఆ బిడ్డక్కూడా ఉండదు." అని ప్రమీలమ్మ వైపు చూసి నవ్వింది. "నా పేరు నాగూర్‌బీ అక్కా. మాది తడ. మీదేవూరు?"

"బుచ్చి."

"వడ్లు పండే ఊరే! అన్నం మీ ఇంట్లోనే పుడతాది, ఈడికొచ్చి తింటా ఉండారా?" అని ఆమె మళ్లీ నవ్వింది. ప్రమీలమ్మ కూడా నవ్వినట్టు పెదవులు కదిపింది. ఊరికే అన్న మాట, హాస్యానికి అన్న మాట. కానీ ఆమె తెలియకుండానే సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

మొదటి ముద్ద పప్పూ నెయ్యీ కలిపి, ఉసిరికాయంత చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముప్పై దాకా లెక్కపెట్టుకుంటూ నమిలింది. మెత్తగా, పలచగా, చివరికి అది అన్నమో పప్పో తెలియనంతగా అయింది. మింగింది. గొంతు దాటింది, అక్కడిదాకా ఎప్పుడూ దాటుతుంది, ఆ తర్వాతే కదా అసలు సంగతి. రొమ్ము ఎముక వెనకాల, రెండు చనుల మధ్య, ఒక చోటుంది, ఆమెకు ఆ చోటు ఇప్పుడు సొంతింటి గడపంత బాగా తెలుసు, అక్కడికి వచ్చి ముద్ద ఆగుతుంది. తలుపు మూసి ఉందని తెలిసి బయట నిలబడ్డ మనిషిలా ఆగుతుంది. కదలకూడదు, ఊపిరి గట్టిగా తీయకూడదు, మాట్లాడకూడదు, నోట్లో లాలాజలం ఊరుతుంది, దాన్ని మింగకూడదు. భుజాలు కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ఏదో ఆలోచిస్తున్నట్టు ఫ్యాను వైపు చూడాలి. ఈ భంగిమ ఆమె నాలుగు నెలల్లో నేర్చుకుంది. ట్రంకు రోడ్డులో కారం దోశ హోటల్లో నేర్చుకుంది. పెళ్లయిన కొత్తలో భర్త పెంచలప్రసాద్ సినిమాకు తీసుకొచ్చినప్పుడల్లా అక్కడే తినేవాళ్లు, నెయ్యి కారుతూ, ఎర్రకారం అంచుదాకా పులిమిన దోశ, తను రెండు తినేది, అతను ఒకటిన్నర తిని మిగిలిన సగం తన ప్లేటులోకే తోసేవాడు. మొన్న అక్కడ అంచు ముక్క ఒకటి ఆగిపోయి, కళ్ల వెంట నీళ్లొస్తే, పక్కన ఎవరో కారం ఎక్కువైందేమో చక్కెర తినండమ్మా అన్నారు. మాగుంట లేఅవుట్‌లో కూతురు అనూష తీసుకెళ్లిన కేఫులో కోల్డు కాఫీ దిగింది, పక్కన పెట్టిన రొట్టె ముక్క దిగలేదు, అనూష ఫోనులో ఏదో చూసుకుంటుంటే దాన్ని పేపరు రుమాలులో చుట్టి చేతిసంచిలో వేసుకుంది. ఆ కేఫులో లైట్లు మసగ్గా ఉంటాయి, ఎవరి ముఖం ఎవరికీ కనపడదు, అందుకే అది మంచి చోటు అనిపించింది. మలైకాజా దిగింది, నోట్లోనే కరిగిపోతుంది కాబట్టి. నూనెలో వేగిన పులిబొంగరం దిగలేదు. బిర్యానీ హోటలు వాకిట్లో దాకా పోయి వాసన పీల్చుకుని వెనక్కి తిరిగింది. అందరూ హోటళ్లను రుచిని బట్టి గుర్తుపెట్టుకుంటారు. ఆమె బుర్రలో నెల్లూరు హోటళ్లన్నీ రెండే రకాలుగా విడిపోయాయి, దిగినవీ దిగనివీ. వారం వారం దిగినవి తగ్గిపోతున్నాయి.

కదిలింది. ఆ చోటు నుంచి ముద్ద మెల్లగా, నొక్కుకుంటూ, జారింది. గడియారం వైపు చూసింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. ఒకటి.

మొదట్లో ముల్లనుకుంది. మైపాడు సముద్రం చూసి వస్తూ దారిలో చేపల మెస్సులో ఆగినప్పుడు, మామిడికాయ ముక్కలేసిన పులుసులో వంజరం ముక్క తింటుంటే ఏదో పట్టుకున్నట్టయింది. ముల్లు గుచ్చుకుంటే ఏం చెయ్యాలో నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏ ఆడదానికీ ఒకరు చెప్పక్కర్లేదు, ఉత్త అన్నం ముద్ద చేసి నమలకుండా మింగడమే. మింగింది. మూడు రోజులు వరసగా మింగింది. ఆ ముద్దలే లోపల ఇటుకల్లా పేరుకుంటుంటే, సరే, ముల్లు పోయింది, ఇది బియ్యం తప్పు అనుకుంది. అప్పుడే కోతలైపోయి కొత్త వడ్లు మిల్లుకు పోయాయి. కొత్త బియ్యం జిగురుగా ఉంటాయి, ముద్దగా అవుతాయి, గొంతుకు అడ్డం పడతాయి, వరి పండించే ఇంట్లో ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. అంతే, ఆమెకు ఊపిరి తిరిగినట్టయింది. తప్పు తన ఒంటిలో లేదు, గోతాంలో ఉంది. ఎసరు తగ్గించింది, గంజి వార్చింది, అన్నం పళ్లెంలో ఆరబెట్టి తింది. పాత బియ్యం వండే హోటళ్లలో ఎలా ఉంటుందో చూద్దామని ఏదో ఒక పని చెప్పి నెల్లూరు రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఆ ఇంట్లో మొదట అత్తగారు తింటుంది, తర్వాత పెంచలప్రసాద్, తర్వాత పనివాళ్లు, అందరూ లేచాక, వంటిల్లు తుడిచాక, ఆమె ఒక్కతే పీట వేసుకుని కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆమె తినడం ఎవరూ చూడలేదు. సగం అన్నం గేదెల కుడితిలో కలిపేస్తే అడిగేవాళ్లు లేరు. జాకెట్లు వదులైతే, సన్నబడ్డావే, మోకాళ్లకు మంచిదిలే అన్నారు.

పోయిన ఆదివారం వెంకటశేషమ్మ, ఆమె అత్తగారు, వసారాలో కూర్చుని తమలపాకు నూరుకుంటుంటే, ఊరికే, మాటల్లో మాటగా, కొత్త బియ్యం ఈసారి బొత్తిగా బాగలేవు అత్తా, మిల్లులో మార్పించుకుంటే మంచిది అంది ప్రమీలమ్మ. ముసలామె పొత్రం ఆపి చూసింది. "కొత్తవి ఎప్పుడు తీసినాం మే? అవి ఇంకా మిల్లులోనే ఉండాయి. మనం వండతా ఉండేది రెండేళ్ల నాటివి గదా. పువ్వులా ఉండాది అన్నం, నీకేమొచ్చినాది వాటితో?" అని మళ్లీ నూరుకోసాగింది. ప్రమీలమ్మ లోపలికి పోయి బియ్యం గది తలుపు తీసి గోతాల మీద కట్టిన చీటీలు చూసింది. పెంచలప్రసాద్ చేతిరాత. రెండేళ్ల కిందటి తేదీ. ఆ గదిలో, బియ్యం వాసనలో, కాళ్లు లేనిదానిలా గోతాం మీద కూలబడింది. నాలుగు నెలలు తను ఆ బియ్యాన్ని తిట్టుకుంది. అవి ఏ పాపమూ చేయలేదు. అయితే, అయితే మరి.

"అక్కా, కందిపొడి కలుపుకోండి, ఈ హోటల్లో కందిపొడే బాగుంటాది," అంటోంది నాగూర్‌బీ. ఆమె ఆకులో అప్పుడే రెండోసారి అన్నం పడింది. "మా వియ్యపురాలికి మగబిడ్డ గావాలని ఉండినాది. నేను చెప్పినా, ఏ బిడ్డయినా ఏడుపు ఒకటే, నీ చెవులకు తేడా తెలియదులే అని." ప్రమీలమ్మ తలూపింది. కందిపొడి వేసుకుంది. పొడి అన్నం. అదైతేనే పందెం పందెంలా ఉంటుంది, పప్పు నెయ్యితో జారినదాన్ని లెక్కలోకి తీసుకుంటే ఎట్లా? రెండో ముద్ద పెట్టుకుంది. నమిలింది. ఏభై. మింగింది. ఆగింది.

ఈసారి ఆగిన చోటు కొంచెం పైన. లేక అలా అనిపించిందా? చెమట పట్టింది, వీపు మీద జాకెట్టు అతుక్కుంది. వెనక తాళాలు గలగలమన్నాయి. పిన్నమ్మ గుర్తు రాకూడదు, ఇప్పుడు రాకూడదు, అనుకునేలోపే వచ్చేసింది. అమ్మకు చెల్లెలు, మూల గదిలో నులకమంచం మీద, కిటికీ వైపు తిరిగి. ఆమెకు ఏ జబ్బో ఇంట్లో ఎవరూ పేరు పెట్టి చెప్పలేదు, గొంతు బాగలేదు అనేవాళ్లు, జలుబు చేసినట్టు. పదేళ్ల ప్రమీలకు పని ఏమిటంటే పొద్దునా సాయంత్రం పలచటి మజ్జిగ తీసుకుపోవడం. మొదట్లో గ్లాసు. తర్వాత చిన్న గిన్నె. తర్వాత పసిబిడ్డలకు పాలు పోసే ఉగ్గుగిన్నె. ఒక్కో చుక్కా పోస్తే ఒక్కో చుక్కా పెదవుల మూలల నుంచి వెనక్కి వచ్చేది, పిన్నమ్మ ఆ చుక్కను వేలితో మళ్లీ లోపలికి తోసుకునేది, మర్యాదగా, ప్రమీల బాధపడుతుందేమోనని. వంటింట్లో వేపుడు వాసన వస్తే కళ్లు మూసుకునేది. ఒకరోజు, ఏం కూర వండారే అని అడిగింది. వంకాయ అని చెప్పింది. నూనె బాగా పోశారా అని అడిగింది. పోశారు పిన్నీ అంది. అంతే, ఇంకేం అడగలేదు. కొంతమంది చావును చూసి భయపడతారు. ప్రమీలమ్మకు భయం చావు కాదు, ఆ మూల గది, అంతమంది తినే ఇంట్లో వేపుడు వాసనలో ఆ నులకమంచం. తన ఇంట్లో అలాంటి గది ఏదవుతుందో కూడా ఆమెకు తెలుసు. పెరటి వైపు గది. బియ్యం గోతాలు బయటికి తీసి మంచం వేస్తారు.

దిగలేదు. లాలాజలం నోటి నిండా అయింది. రెండు ఇరవై. నీళ్ల గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉంది, నీళ్లు తాగితే పందెం పోయినట్టే, పోతే పోనీ, కానీ నీళ్లు తాగినా అవి ముద్ద మీద నిలబడి పైకే వస్తాయని ఆమెకు తెలుసు, నూతిలో నీళ్లు పైకి ఎక్కినట్టు ఎక్కుతాయి, ముక్కులోకి. కదలకు, కదలకు, దిగుతుంది, పోయినవారం కూడా ఇలాగే పావుగంట. భుజం మీద వేలు తగిలింది. "అమ్మా, మీకు ఇంకా లేటవుతాదా?" తాళాల మనిషి. మర్యాదగానే అడిగాడు. ఆమె జవాబు చెప్పాలని నోరు తెరిచింది.

అంతా పైకి వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోవడానికి కూడా వ్యవధి లేకపోయింది. నమిలిన అన్నం, లాలాజలం, తీగల్లా సాగే జిగురు, ఆకులో, బల్ల మీద, ఆమె చీర మీద పడ్డాయి. ఒక్క ముద్దే, కానీ ఆమెకు నాలుగు నెలల అన్నమంతా అక్కడ పోసినట్టనిపించింది. పక్క బల్ల మీద ఎవరో ఆకు దగ్గరికి లాక్కున్నారు. ప్రమీలమ్మ తల ఎత్తలేదు. చూశారు. అందరూ చూశారు.

"ఏమైందమ్మా? రాయి తగిలిందా?" గిరిబాబు క్యారియరు కిందపెట్టి పరుగెత్తుకొచ్చాడు. కౌంటరు దగ్గర్నుంచి మేనేజరు కూడా వచ్చాడు, బొద్దుగా, విభూతి పెట్టుకున్న మనిషి. ఆకులోకి వంగి చూసి, "వెంట్రుకా? వెంట్రుకేమన్నా వచ్చిందా అమ్మా? చెప్పండి, మొహమాటపడకండి," అని గిరిబాబు వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు చెప్పినా నీకు? టోపీ పెట్టుకొని వడ్డించమని చెప్పినానా లేదా? మొన్న కూడా ఇట్టే జరిగినాది. ఇంక నిన్ను ఈ హాల్లో పెట్టుకోడం..."

గిరిబాబు చెయ్యి తన తల మీదికి పోయింది. బట్టతల. పక్కల నాలుగు వెంట్రుకలు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

చెప్పెయ్యొచ్చు. అవును వెంట్రుకే అంటే చాలు, ఒక్క మాట. అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఛీ అనుకుంటారు, మేనేజరు క్షమాపణ చెబుతాడు, డబ్బు వెనక్కి ఇస్తాడు, ఆమె చీర తుడుచుకుని కోపంగా బయటికి నడుస్తుంది, తలెత్తుకుని, ఆత్మకూరు బస్టాండుకు. ముల్లు. కొత్త బియ్యం. వెంట్రుక. ఎంత సులువుగా వస్తోంది నోటికి! అన్నం దిగని గొంతులోంచి ఈ మాటలు మాత్రం ఎంత బాగా వస్తున్నాయి! గిరిబాబు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. బతిమాలడం కూడా లేదు ఆ చూపులో, ఎదురుచూడటమే.

"అన్నంలో ఏం లేదయ్యా," అంది ప్రమీలమ్మ. గొంతు బొంగురుగా వచ్చింది. వినపడిందో లేదోనని ఇంకోసారి, ఇంకా గట్టిగా అంది. "ఆయన్నేం అనొద్దు. అన్నం బాగుండాది. నాకే దిగడంలే. నాలుగు నెలల నుంచి నాకు అన్నం దిగడంలే."

తన మాట తనే వింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ మాట బయట, గాలిలో, పదిమంది మధ్య వినపడింది. వినపడగానే అది నిజమైపోయింది. కుర్చీ అంచు పట్టుకుంది. ఇంతసేపూ భయమనుకున్నది భయం కాదు, దాని నీడ. ఇదే అసలుది, పచ్చిగా, ఎదురుగా. తాళాల చప్పుడు ఆగిపోయింది. గిరిబాబు ఆకు మడిచి తీసేసి, తడిగుడ్డతో బల్ల తుడిచి, ఇంకో పొడిగుడ్డ ఆమె చేతికిచ్చాడు. మేనేజరు "ఎవరూ ఈడ నిలబడొద్దు, గాలి రానీండి" అని అందరినీ జరిపాడు.

నాగూర్‌బీ లేచి, చెయ్యి కడుక్కోకుండా, ఎంగిలి చేత్తోనే బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఎడం చేత్తో ప్రమీలమ్మ వీపు రాసింది. "ఇంట్లో ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలవదు. నీకే చెప్పినా."

"నాకు చెప్పి ఏం లాభం అక్కా? నేను మూడున్నర బస్సుకు తడ పోతా, బాలింతరాలికి పాత చీరలు తేవాల. మీ ఆయనకు ఫోన్ చెయ్. ఇప్పుడే. నేనుండగానే."

ప్రమీలమ్మ ఫోను తీసింది. వేళ్లు జిగురుగా ఉండి తెర రెండుసార్లు పలకలేదు. మూడోసారి పోయింది. పెంచలప్రసాద్ మిల్లులో ఉన్నాడు, వెనకాల యంత్రం హోరు.

"ఏం మే, అద్దాలిచ్చినారా?"

"అద్దాలు కాదయ్యా. నేను ఆస్పత్రికి వచ్చినా."

"ఏంది? వినపళ్లా. ఆస్పత్రి ఎందుకు?"

"అన్నం దిగడంలే."

"హోటల్లో అన్నం బాగలేదా? ఇంకో దాంట్లో తినబ్బా, దానికి ఫోనెందుకు?"

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకు తెలియలేదు. "నాకు దిగడంలే. ఏం తిన్నా ఆగిపోతా ఉండాది, రొమ్ములో. నాలుగు నెలలైనాది. పిన్నమ్మకు మాదిరి," అంది. హోరు అలాగే ఉంది. తర్వాత ఆయన ఎవరినో కేకేశాడు, హోరు ఆగిపోయింది, ఉన్నట్టుండి ఆయన ఊపిరి ఆమె చెవిలోకి వచ్చింది. పిన్నమ్మ సంగతి ఆయనకు తెలుసు. పెళ్లైన కొత్తలో చెప్పింది, ఒక్కసారే.

"నాలుగు నెలలా?" అన్నాడు. "నేను యాడ ఉండినాను మే?" అన్నాడు. "కదలొద్దు. ఆడే కూచో. బండి తీస్తా ఉండా. నేనొచ్చేదాకా లోపలికి పోవద్దు, ఇద్దరం పోదాం."

గడియారంలో మూడు కావడానికి పన్నెండు నిమిషాలుంది. ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీలో తువ్వాలు ఎవరో తీసేశారు. కూర్చుంటే, ఆయన వచ్చేదాకా కూర్చుంటే, రెండో నంబరు పోతుంది, రేపు రమ్మంటారు, ఇద్దరూ బండిలో ఇంటికి పోవచ్చు, దారిలో ఆయన ఏదో ఒకటి చెబుతాడు, గ్యాసు అయ్యుంటాది అంటాడు, తను నమ్ముతుంది. నమ్మడం తనకు బాగా వచ్చు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచింది. తాళాల మనిషి పక్కకు జరిగాడు, కుర్చీలో కూర్చోలేదు.

"రెండో నంబరు నాది," అంది ఫోనులో. "మూడింటికి పిలుస్తారు. నువ్వొచ్చేసరికి నేను లోపలుంటా. మూడో అంతస్తు. బయట బెంచీ మీద కూచో."